నురగ కింద నిలబడ్డ అసలు హీరో!

హాలీవుడ్ బొమ్మల్లో మీరు చూసే వుంటారు. వెనక మంచు కొండలు, పైన చుక్కలు, మధ్యలో పొగలు కక్కుతున్న వేణ్ణీళ్ల తొట్టి. అందులో హీరో, పక్కన హీరోయిన్, చేతుల్లో గ్లాసులు. నీళ్లు బుడబుడా నురగలు పొంగుతూంటాయి. ఇక్కడ ఉక్కపోస్తున్న హాల్లో మనం చెమటలు తుడుచుకుంటూ "బతుకంటే అదిరా!" అని పక్కవాణ్ణి పొడుస్తాం.

ఆ తొట్టి పేరే హాట్ టబ్. 1983లో వచ్చిన 'స్కార్‌ఫేస్'లో అల్ పచినో నురగ నిండిన పెద్ద తొట్లో కూచుని, చుట్ట కాలుస్తూ, టీవీని తిట్టే సీను గుర్తుందా? 2010లో వచ్చిన 'హాట్ టబ్ టైమ్ మెషీన్'లో అయితే జాన్ క్యూసాక్, అతని జట్టు తొట్లో మునిగి, తేలేసరికి 1986లో వుంటారు! అంటే అమెరికా సినిమాకి తొట్టి కూడా ఓ కేరక్టరే అన్నమాట.

సరే, ఎప్పుడైనా ఆ తొట్టి కింద ఏముందో చూశారా? చూసి వుండరు. కెమెరా అటు తిరగదు. కింద ఓ వేదిక వుంటుంది. చెక్కతో కట్టిందో, కాంక్రీటుతో పోసిందో. పోస్టరు మీద దాని బొమ్మ వుండదు, టైటిల్స్‌లో పేరు పడదు. కానీ అది ఒక్క రోజు కాల్షీటు ఎగ్గొట్టిందంటే పోయేది షూటింగు కాదు, ప్రాణాలు. ఈ వారం మన హీరో అదే!

ముందు చిన్న ఫ్లాష్‌బ్యాక్

ఏ సినిమా రచయితా రాయని కథ ఇది. ఉత్తర ఇటలీ నుంచి ఏడుగురు అన్నదమ్ములు అమెరికా వలస వచ్చారు. ఇంటిపేరు జకూజీ. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో స్థిరపడి విమానాలకి చెక్క ప్రొపెల్లర్లు చేశారు. ఆ తర్వాత ఏకంగా విమానమే కట్టారు. 1921లో ఆ విమానం కూలింది. చనిపోయినవాళ్లలో అన్నదమ్ముల్లో ఒకడైన జొకోండో వున్నాడు. ఆ దుఃఖంతో కుటుంబం విమానాల జోలికి పోవడం మానేసి, వ్యవసాయానికి నీళ్ల పంపులు చెయ్యడం మొదలెట్టింది.

ఇక్కడే సెంటిమెంటు. అన్నదమ్ముల్లో చిన్నవాడు కాండిడో. అతని పసికొడుక్కి కీళ్లవాతం. ఆస్పత్రిలో నీళ్లు సుడులు తిరిగే తొట్లో కూచోబెడితే పిల్లాడికి నొప్పి తగ్గేది. "ఆస్పత్రిలో వున్నది మా ఇంట్లో ఎందుకు వుండకూడదు?" అనుకున్నాడు తండ్రి. పంపులు చేసే చెయ్యి కదా! మామూలు స్నానాల తొట్లో దించగలిగే పంపు ఒకటి తయారుచేశాడు. 1956లో అది బజార్లోకి వచ్చింది. 1968లో అదే ఇంటివాడు రాయ్ జకూజీ పంపుని తొట్లోనే బిగించేశాడు. అలా ఇంటిపేరు కాస్తా తొట్టి పేరై కూచుంది.

అదే 60ల్లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా వైపు కుర్రకారు ఇంకో పని చేసింది. పాత ద్రాక్షసారా పీపాల్ని కోసి, పెరట్లో పెట్టి, వేణ్ణీళ్లు నింపి అందులో దిగి కూచున్నారు. అదే పెరటి హాట్ టబ్‌కి శ్రీకారం. తర్వాత పీపా పోయి ప్లాస్టిక్ జాతి అక్రిలిక్ తొట్టి వచ్చింది. తొట్టి మారింది గానీ నీళ్ల బరువు మారలేదు. చిక్కంతా అక్కడే!

రెండు అంబాసిడర్లు

లెక్కలంటే భయపడకండి, ఇది చిన్న లెక్కే. లీటరు నీళ్లు కిలో బరువు. ఆరుగురు కూచునే తొట్లో సుమారు 1500 లీటర్లు పడతాయి. అంటే 1500 కిలోలు. తొట్టి సొంత బరువు ఓ 400 అనుకోండి. ఆరుగురు మనుషులు, తలకి 75 చొప్పున, 450. వెరసి 2350 కిలోలు. పాత సినిమాల్లో విలన్లు తిరిగిన అంబాసిడర్ కార్లు రెండింటిని ఒకదాని మీద ఒకటి పేర్చినంత బరువు!

తొట్టి ఏడడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. అంటే 49 చదరపు అడుగుల జాగా. ప్రతి చదరపు అడుగు మీదా 48 కిలోలు కూచున్నట్టు లెక్క. మరి అమెరికాలో ఇళ్ల వెనక కట్టుకునే మామూలు చెక్క డెక్కుని ఎంత బరువు లెక్కన కడతారు? చదరపు అడుగుకి 40 పౌండ్లు, అంటే 18 కిలోలు. కుర్చీలు వేసుకుని కాఫీ తాగడానికి అది చాలు. దాని మీద తొట్టి పెడితే మోయాల్సినదానికి రెండున్నర రెట్ల పైన బరువు నెత్తిన పడ్డట్టు.

"ఒరేయ్, ఆరుగురం పడతామట్రా!" అని సంబరపడే ముందు కిందనున్నవాడు మొయ్యగలడా అని అడగాలి. అడిగేవాళ్లు తక్కువ. అందుకే ఈ వ్యాసం.

సెట్టు వేరు, పెరడు వేరు

"సినిమావాళ్లు రాత్రికి రాత్రే ఇంద్రభవనం లేపుతారు, ఇదెంత?" అనుకోవచ్చు మీరు. సెట్టులో గోడ ప్లైవుడ్డు, స్తంభం ప్లాస్టర్ ఆఫ్ పారిస్. అది కెమెరాకి కనిపించేవైపే అందంగా వుంటే చాలు. షెడ్యూలు అయ్యాక విప్పేస్తారు. కానీ నీళ్లు వచ్చేసరికి సినిమావాళ్లు కూడా వేషాలు వెయ్యరు. 'టైటానిక్' (1997) కోసం జేమ్స్ కామెరూన్ మెక్సికోలోని రొసారిటో దగ్గర సముద్రం ఒడ్డున 1 కోటి 70 లక్షల గ్యాలన్లు పట్టే తొట్టి కట్టించాడు. అక్కడ అలంకారం కంటే ముందు ఇంజనీరు లెక్క నడిచింది. నీళ్ల దగ్గర నటన చెల్లదు!

పెరట్లో తొట్టి షెడ్యూలు పూర్తయ్యాక విప్పేసేది కాదు. ఏళ్ల తరబడి ఎండకీ వానకీ మంచుకీ అక్కడే వుంటుంది.

ఎలా కడతారు?

అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే గట్టి పద్ధతి ఏమిటంటే నేల మీద కాంక్రీటు దిమ్మ పొయ్యడం. మట్టి తవ్వి, నాలుగంగుళాల కంకర పరిచి దిమ్మిస చేస్తారు. దాని మీద ఇనపచువ్వలో, జాలీయో వేసి, నాలుగు నుంచి ఆరంగుళాల మందాన కాంక్రీటు పోస్తారు. వారం రోజులు తడి ఆరకుండా చూస్తారు. పూర్తి బలం రావడానికి 28 రోజులు పడుతుంది. దిమ్మ సమంగా లేకపోతే తొట్లో నీళ్లు ఓ పక్కకి ఒరిగి, బరువంతా ఆ పక్కే పడుతుంది. దిమ్మ కింద ఖాళీయే లేనప్పుడు కూలడానికి ఏముంది చెప్పండి?

నేల ఏటవాలుగా వున్నా, తొట్టి ఎత్తులో వుండాలన్నా చెక్క వేదిక తప్పదు. అప్పుడు కథ పునాది నుంచి మొదలు. మిన్నెసోటా లాంటి చలి రాష్ట్రంలో మట్టి గడ్డకట్టి ఉబ్బి, పైనున్నదాన్ని ఎత్తేస్తుంది. అందుకని అక్కడ పునాది దిమ్మెలు దక్షిణాన 42 అంగుళాలు, ఉత్తరాన 60 అంగుళాల లోతుకి దించాలి. మన తెలుగువాళ్లు బోలెడంతమంది కాపురముంటున్న డాలస్ వైపు చలి కాదు, మట్టే గడుసుది. అచ్చు మన పత్తి చేల నల్లరేగడి! వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. గుంటూరు జిల్లా రైతుకి తెలిసిన ఈ సంగతి డాలస్‌లో ఇల్లు కొన్న అబ్బాయికి తెలియకపోతే వేదిక ఓ పక్కకి వాలుతుంది.

పునాది మీద స్తంభాలు. ఆరంగుళాల చదరం కర్రలు వాడతారు. వాటి మీద పెద్ద దూలాలు, వాటికి అడ్డంగా చిన్న దూలాలు. మామూలు డెక్కుకి చిన్న దూలాల మధ్య 16 అంగుళాల ఎడం చాలు. తొట్టి వుంటే 12 అంగుళాలకి దగ్గర చేస్తారు. స్తంభాలు పక్కకి ఊగకుండా ఏటవాలు కర్రలు బిగిస్తారు. బరువు నేరుగా కిందకి దిగితే ఏ బాధా లేదు. పక్కకి ఊగిందంటే మాత్రం జోళ్లు వదులవుతాయి.

ఇంటి గోడకి పలక కొట్టి, దాని మీద డెక్కుని ఆనించడం ఓ పద్ధతి. అలా చేస్తే మేకులు పనికిరావు, గట్టి బోల్టులు పడాలి. తొట్టికైతే గోడని నమ్ముకోకుండా, వేదిక తన కాళ్ల మీద తనే నిలబడేలా కట్టడం మేలు. చెదలు, కుళ్లు పట్టకుండా మందు పట్టించిన కర్ర వాడాలి. ఆ మందులో రాగి వుంటుంది, అది మామూలు ఇనుముని తినేస్తుంది. అందుకని జింకు పూత బాగా పట్టిన బోల్టులో, స్టెయిన్‌లెస్ స్టీలువో తీసుకోవాలి. బోల్టుల దగ్గర నాలుగు డాలర్లు మిగిల్చి ప్రాణాల దగ్గర పోగొట్టుకోకూడదు కదా!

ఇంకో చిన్న మాట. పంపు, హీటరు తొట్టి పక్క తలుపు వెనకాల వుంటాయి. వేదికని అందంగా తొట్టి చుట్టూ కమ్మేస్తే రిపేరువాడు ఎక్కడ కూచుంటాడు? ఆ పక్క జాగా వదలాలి.

కరెంటు సంగతి అస్సలు సొంత ప్రయోగం చెయ్యకూడదు. పెద్ద తొట్లకి మామూలుగా 240 వోల్టులు, 50 ఆంపియర్లు కావాలి. రవ్వంత కరెంటు దారి తప్పినా తక్షణం ఆపేసే రక్షణ స్విచ్చి తప్పనిసరి. ఆపే స్విచ్చి కంటికి కనబడేలా వుండాలి, కానీ తొట్టికి కనీసం అయిదడుగుల దూరంలో. తడి చెయ్యి అందుకోకూడదన్నమాట. లైసెన్సు వున్న ఎలక్ట్రీషియన్ని పిలవాలి. ఊరి అధికారుల పర్మిట్టు, ఇంజనీరు లెక్క కూడా కావాలి. మన సినిమాకి సెన్సారు సర్టిఫికెట్టులాగ!

విలన్ ఎవరు?

విలన్ బయటివాడు కాదు. నీళ్లే! తొట్లోంచి చిందిన నీళ్లు, ఆవిరి, వాన అన్నీ పలకల సందుల్లోంచి దిగి కర్రని లోపల్నించి కుళ్లబెడతాయి. పైకి రంగు నిగనిగలాడుతూనే వుంటుంది.

2015 జూన్ 16న, జకూజీలు కాపురమున్న అదే బర్క్‌లీలో, ఓ అపార్టుమెంటు బాల్కనీ మీద కుర్రాళ్లు స్నేహితురాలి 21వ పుట్టినరోజు చేసుకుంటున్నారు. ఎక్కువమంది సెలవుల్లో పనికోసం ఐర్లండ్ నుంచి వచ్చిన విద్యార్థులు. బాల్కనీ విరిగి పడింది. ఆరుగురు పోయారు, ఏడుగురు గాయపడ్డారు. అక్కడ తొట్టి లేదు. పడేసింది లోపలికి దిగిన తడి, కుళ్లిన దూలాలు. 2018లో కాలిఫోర్నియా రాష్ట్రం అపార్టుమెంట్ల బాల్కనీలని వరసగా తనిఖీ చెయ్యాలని చట్టం తెచ్చింది. అంతకుముందు 2003 జూన్ 29న షికాగోలో పార్టీ జరుగుతూండగా ఓ ఇంటి వెనకవున్న చెక్క వరండాలు ఒకదాని మీద ఒకటి కూలి 13 మంది చనిపోయారు. వాళ్లంతా మన వయసువాళ్లే. పాట పెట్టుకుని సరదాగా నవ్వుతున్నవాళ్లే.

ఏటా మన ఊళ్లనుంచి చదువులకి వెళ్లే అన్నయ్యలు, అక్కయ్యలు ఇలాంటి ఇళ్లలోనే అద్దెకి వుంటారు. "గ్రూపు ఫోటోరా, అందరూ రండి!" అని బాల్కనీ మీదకి పిలుస్తారు. వెళ్లే ముందు ఓ నిమిషం కిందకి వంగి చూడమని ఉత్తరమో, వాట్సాపో కొట్టండి. కర్ర మెత్తబడిందా? స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపలికి దిగుతోందా? బోల్టులు తుప్పు కారుతున్నాయా? గోడకి, డెక్కుకి మధ్య సందు వచ్చిందా? వీటిలో ఒక్కటి నిజమైనా ఎక్కకూడదు. ఇంటివాడికి చెప్పాలి.

మరి మన డాబా మీద?

"మాకు హాట్ టబ్ ఎక్కడిది గురూ?" అంటారా! వేసవి రాగానే డాబా మీద గాలి ఊదిన ఈత తొట్లు వెలుస్తున్నాయిగా. లెక్క అదే. మన దేశపు ప్రమాణాల్లో ఇంటి గదుల నేలకి చదరపు మీటరుకి సుమారు 200 కిలోల లెక్క. ఎక్కి తిరిగే డాబాకైతే సుమారు 150 కిలోలే. చదరపు మీటరు జాగాలో 15 సెంటీమీటర్ల లోతు నీళ్లు పోస్తే అదే 150 కిలోలు! అంటే జానెడు లోతు కూడా లేకుండానే కోటా పూర్తి. తొట్టి అడుగున్నర లోతు నింపితే దాదాపు మూడు రెట్లు. అందులో దూకే బాబాయిల బరువు వేరే!

స్లాబులో కొంత అదనపు బలం వుంచుతారు, నిజమే. అది ఆపద కోసం దాచుకున్న డబ్బులాంటిది, జల్సాకి ఖర్చు పెట్టేది కాదు. పైగా పాత ఇల్లు, పెచ్చులూడిన స్లాబు అయితే ఆ డబ్బు ఎప్పుడో అయిపోయి వుంటుంది. పిల్లల తొట్టిని కింద వాకిట్లో పెట్టండి. అక్కడ కూలేది లేదు.

అన్నట్టు, తొట్టి గట్టిదైనా రెండు జాగ్రత్తలు తప్పవు. నీళ్ల వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. వాడనప్పుడు మూతకి తాళం వెయ్యాలి, చంటిపిల్లలకి నీళ్లంటే ఆటే కదా.

కాబట్టి పాఠకులారా, ఈసారి తెర మీద నురగ పొంగితే హీరోకి ఓ ఈల వెయ్యండి, హీరోయిన్‌కి రెండు వెయ్యండి. మూడోది మాత్రం కింద చీకట్లో, తడిలో, రెండు అంబాసిడర్ల బరువు మోస్తూ మాట్లాడకుండా నిలబడ్డ దూలానికి దాచిపెట్టండి. దానికి అభిమాన సంఘం లేదు మరి!