డైవింగ్ వాచీకి నైలాన్ పట్టీ అమర్చడం

రోలెక్స్ సబ్‌మెరీనర్ ఎంత ఖరీదైనదైనా, దాన్ని పట్టీకి పట్టి ఉంచేవి రెండు సన్నని స్ప్రింగ్ పుల్లలే. రెండు ముక్కల పట్టీలో ఒక పుల్ల ఊడితే చాలు, వాచీ చేయి జారిపోతుంది. అది సముద్రంలో జరిగితే ఇక దొరకదనే అనుకోవాలి. ఒకే ముక్కగా ఉండే నైలాన్ పట్టీలో ఒక పుల్ల పోయినా రెండోది వాచీని ఆపుతుంది.

ఇటువంటి పట్టీకి బ్రిటిష్ రక్షణ శాఖ 1973లో ప్రమాణాలు నిర్ణయించింది: బూడిద రంగు, 20 మిల్లీమీటర్ల వెడల్పు. దీనికోసం సైనికులు నింపిన ఫారం పేరు జీ10. బజారులో దీన్నే ‘నాటో పట్టీ’ అంటారు. అదే సైన్యానికి ఇచ్చిన సబ్‌మెరీనర్లలో పుల్లలను కేసుకే అతికించేశారు; మామూలు రెండు ముక్కల పట్టీ వాటికి పట్టదు.

ముందుగా మీ వాచీలో పుల్ల పట్టే సందు వెడల్పు కొలవండి. 1964 నాటి ‘గోల్డ్‌ఫింగర్’ చిత్రంలో షాన్ కానరీ ధరించిన చారల పట్టీ ఇరుకైనది. పక్కన పుల్లలు బయటికి కనిపిస్తాయి! చాలామంది దాన్నీ నాటో పట్టీ అనడం పొరపాటు, తేదీలు చూడండి.

పొడవాటి కొసను 12 అంకె వైపు సందులో పైనుంచి కిందికి దూర్చి, వాచీ అడుగున లాగి, 6 అంకె వైపు సందులోంచి పైకి తీయండి. తరువాత అదే కొసను అడుగున ఉన్న పొట్టి ముక్క చివరి రింగులోంచి పోనివ్వండి. ఈ రింగును వదిలేయకండి. వాచీ పట్టీ వెంట జారకుండా ఆపేది ఇదే. అడుగున రెండు పొరలు చేరడంతో వాచీ మణికట్టుపై కాస్త ఎత్తుగా కూర్చుంటుంది.