పాత కారుకి నవ్వించే గ్యాసు

హుఫూఫ్‌కి ఉద్యోగానికి వచ్చిన మన కుర్రాళ్ళు చాలామంది ముందుగా కొనేది రెండు లక్షల కిలోమీటర్లు దాటిన పాత కారే. ఏసీ పనిచేస్తే చాలనుకుంటారు. కొన్నాళ్ళకి, 2001లో వచ్చిన 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' సినిమా గుర్తొచ్చి, "అన్నా, దీనికి నైట్రస్ పెట్టిస్తే ఎలా ఉంటుంది?" అని అడుగుతారు. నేను మెకానిక్‌ని కాను, కంప్యూటర్ సైన్సు చదువుకున్నవాణ్ణి. అయినా ఈ ప్రశ్న మనందరికీ పరిచయమైనదే: అరిగిపోయిన పాత సర్వరు మీద లోడు పెంచవచ్చా?

ముందు గ్యాసు సంగతి చూద్దాం. నైట్రస్ ఆక్సైడ్‌ని 1772లో ప్రీస్ట్లీ కనిపెట్టాడు. పళ్ళ డాక్టర్లు వాడే 'లాఫింగ్ గ్యాస్' ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు, గాలి పలచగా ఉండే ఎత్తుల్లో ఎగరడానికి, దీన్ని విమానాల ఇంజన్లకి ఎక్కించారు.

ఇది ఇంధనం కాదు, దానంతట అది మండదు. ఇంజను వేడికి నైట్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోతుంది. గాలి బరువులో ఆక్సిజన్ 23 శాతం, ఇందులో 36 శాతం. పైగా ద్రవం ఆవిరయ్యేటప్పుడు లోపలికి వెళ్ళే గాలిని చల్లబరుస్తుంది, కాబట్టి గాలి చిక్కబడుతుంది. ఆక్సిజన్ ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాల్చవచ్చు. శక్తి వచ్చేది ఆ అదనపు పెట్రోలు నుంచే.

చిక్కంతా ఇక్కడే ఉంది. పాత పెట్రోలు పంపు గాని, మూసుకుపోయిన ఇంజెక్టరు గాని ఆ అదనపు పెట్రోలు ఇవ్వలేకపోతే, మిశ్రమం పలచబడి వేడి పెరుగుతుంది. పెట్రోలు మంట క్రమంగా వ్యాపించడానికి బదులు ఒక్కసారిగా పేలుతుంది. అలాంటప్పుడు పిస్టన్ కరగడానికి కొన్ని సెకన్లు చాలు. 130 హార్స్‌పవర్ ఇంజనుకి 50 కలపడమంటే 38 శాతం అదనపు భారం. అరిగిన రింగులు, పాత హెడ్ గాస్కెట్, గేర్‌బాక్సు అన్నీ ఆ భారం మోయాలి.

ఇక మన ఊరి సమస్య. నైట్రస్‌ని బాటిల్లో ఒత్తిడితో ద్రవంగా ఉంచుతారు. 36.4 డిగ్రీలు దాటితే ఎంత ఒత్తిడి పెట్టినా అది ద్రవంగా ఉండదు. హుఫూఫ్ వేసవిలో నీడలోనే 45 దాటుతుంది, ఎండలో నిలిపిన కారు డిక్కీ సంగతి చెప్పనక్కర్లేదు. బాటిల్లో ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది, కిట్ తయారుచేసినవాళ్ళు వేసిన ప్రవాహం లెక్క తప్పుతుంది. ఒత్తిడి మరీ పెరిగితే బాటిలు మూతిలోని రక్షణ బిళ్ళ పగిలి గ్యాసంతా బయటికొస్తుంది. దాన్ని కారు బయటికి పంపే గొట్టం లేకపోతే మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది.

అందుకని అడిగినవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: ముందు కంప్రెషన్ టెస్టు చేయించండి. వేడెక్కిన ఇంజను ప్లగ్గులు తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండరు ఒత్తిడి కొలుస్తారు. సిలిండర్ల మధ్య తేడా 10-15 శాతం దాటితే నైట్రస్ ఊసే వద్దు. తక్కువ చూపించిన దానిలో కాస్త ఇంజనాయిలు పోసి మళ్ళీ కొలవండి. రీడింగు పెరిగితే రింగులు అరిగాయని, పెరగకపోతే వాల్వులో గాస్కెట్టో కారుతున్నాయని అర్థం.

టెస్టు పాసైనా, చిన్న మోతాదు, దానికి సరిపడా పెట్రోలు కూడా ఇచ్చే 'వెట్' కిట్, వెనక్కి జరిపిన ఇగ్నిషన్ టైమింగ్, చల్లటి రకం ప్లగ్గులు తప్పనిసరి. అదీ రేసు ట్రాకు మీద మాత్రమే. అనుమతి లేకుండా వాహనంలో మార్పులు చేయడం సౌదీలో ట్రాఫిక్ ఉల్లంఘన కూడా.

రియాద్ దారిలో మూడు వందల కిలోమీటర్లకు పైగా ఎడారి. ఆగస్టు మధ్యాహ్నం, వెనక సీట్లో పిల్లలుండగా ఇంజను ఆగిపోతే పది సెకన్ల వేగం గుర్తుకు రాదు. కిట్‌కి దాచిన రియాళ్ళతో రేడియేటరు, టైర్లు, పెట్రోలు పంపు మార్పించండి.