వకీలు గడప ఎప్పుడు తొక్కాలి?

గెలిచినవాడు ఇంటికి వెళ్లి ఏడిస్తే, ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడట! ఈ సామెత వింటూ పెరిగినవాళ్లం గనుక నల్లకోటు కనబడితేనే మనకు బెదురు. వకీలు గడప తొక్కడమంటే కోర్టుకెక్కడమేననీ, కోర్టుకెక్కడమంటే ఇల్లు గుల్ల చేసుకోవడమేననీ మన నమ్మకం. అందుచేత చిక్కు వచ్చినప్పుడు పక్కింటివారినడుగుతాం. లోకానుభవం గల బావగారినడుగుతాం. దస్తావేజులు రాసే రైటరునడుగుతాం. దారులన్నీ మూసుకుపోయిన తరువాత వకీలు దగ్గరకు పరుగెత్తుతాం. ఆయన కాగితాలు తిరగేసి, “కాస్త ముందు రాకపోయారా!” అంటాడు.

సలహా వేరు, దావా వేరు. జ్వరం వచ్చిన ప్రతివాడికీ శస్త్రచికిత్స చేయరు గదా! అలాగే సలహా అడిగిన ప్రతివాడూ దావా వేయనక్కరలేదు. వేళకు అడిగిన సలహా చాలాసార్లు దావాయే లేకుండా చేస్తుంది. అయితే ఆ వేళ ఎప్పుడు?

సంతకానికి ముందు

స్థలం కొంటున్నారనుకుందాం. రిజిస్ట్రేషను అయిపోతే ఇక భయం లేదని చాలామంది ధీమా. కాని రిజిస్ట్రారు దస్తావేజును నమోదు చేస్తాడే గాని, అమ్మేవాడికి నిజంగా హక్కున్నదని పూచీపడడు. ఈసీలో కనబడేవి రిజిస్టరయిన లావాదేవీలు మాత్రమే. ఇంట్లో రాసిపెట్టిన వీలునామా రిజిస్టరు చేయకపోయినా చెల్లుతుంది. అది ఈసీలో కనబడదు. లింకు దస్తావేజులు వరుసగా చదివి, ఎక్కడ గొలుసు తెగిందో చెప్పగలవాడు వకీలే. ఆ పని బయానా ఇవ్వకముందు జరగాలి.

మరొక సంతకం సంగతి. అన్నదమ్ములు పంపకాలు చేసుకుంటూ, అక్కచెల్లెళ్లకు చీరె, పసుపు కుంకుమ పెట్టి, “ఇక్కడొక సంతకం పెట్టమ్మా” అనడం మన ఇళ్లలో మామూలే. ఆ కాగితం హక్కు విడుదల పత్రం. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. కాని అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. 2005లో వచ్చిన కేంద్ర చట్టం పెళ్లయినవారికీ కానివారికీ మధ్య ఆ తేడా తీసివేసింది. ఆ చట్టం వచ్చేనాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకాలను మాత్రం ఈ చట్టం కదిలించదు. ఇందులో తన కుటుంబానికి ఏది వర్తిస్తుందో ఆడపడుచు ముందుగా తెలుసుకోవాలి. ఇష్టపడి వదులుకుంటే ఎవరూ కాదనరు; ఎంత వదులుకుంటున్నదో తెలిసి వదులుకోవడం న్యాయం. పుట్టింటితో మాట పోతుందని వెరచి సంతకం పెట్టి, పదేళ్ల తరువాత రద్దు చేయించుకోబోతే అది అంత తేలిక కాదు.

గడువు దాటకముందు

కోర్టు వ్యవహారంలో తేదీయే ప్రాణం. అడిగిన వెంటనే ఇస్తానని రాసిన ప్రోనోటు మీద, నోటు తేదీ నుంచి 3 సంవత్సరాలలోపల దావా వేయాలి. “మనవాడే గదా, పంటలు రానీ” అంటూ కూర్చుంటే నోటు మురిగిపోతుంది. గడువులోపల బాకీదారు కొంత సొమ్ము ఇచ్చి, నోటు వెనక చెల్లు రాసి సంతకం చేస్తే ఆనాటి నుంచి మళ్లీ 3 సంవత్సరాలు వస్తాయి. నోటిమాటగా ఒప్పుకుంటే రావు.

చెక్కు గడువు ఇంకా పొట్టిది. బాకీ కింద ఇచ్చిన చెక్కు డబ్బు లేక తిరిగివస్తే, బ్యాంకు ఆ కబురు తెలిపిన 30 రోజులలో నోటీసు ఇవ్వాలి. అది అందిన 15 రోజులలో సొమ్ము రాకపోతే, ఆపైన నెలలోగా మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయాలి.

సమన్లు వచ్చినప్పుడు

కోర్టు అమీనా కనబడగానే పెరటిదారిన జారుకునే ఘనులున్నారు. తీసుకోకపోతే కేసు ఆగుతుందని వారి భ్రమ. కోర్టు అనుమతిస్తే సమన్లు తలుపుకు అంటించినా అందినట్లే లెక్క. అందిన 30 రోజులలో జవాబు దాఖలు చేయడం నియమం. కారణం చూపితే కోర్టు 90 రోజుల దాకా పొడిగించవచ్చు. అసలు హాజరే కాకపోతే ఎదుటివాడు చెప్పినదే విని ఏకపక్షంగా డిక్రీ ఇస్తారు. దానిని తీసివేయమని అడగడానికి సాధారణంగా 30 రోజులే గడువు. కనుక సమన్లు చేతికందిన వారంలోనే వకీలును చూడాలి.

పోలీసులు పట్టుకుపోతే ఆలోచనకు వ్యవధే ఉండదు. తనకు నచ్చిన వకీలును సంప్రదించే హక్కు, ప్రయాణకాలం పోను 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచబడే హక్కు రాజ్యాంగంలోని 22వ అధికరణం ఇచ్చినవి. ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.

అక్కరలేని చోట్లు

ప్రతి చిన్నదానికీ వకీలు అవసరం లేదు. కొన్న మిక్సీ పనిచేయకపోతే వినియోగదారుల కమిషనులో మీరే ఫిర్యాదు వేసుకుని మీరే మాట్లాడుకోవచ్చు; గడువు 2 సంవత్సరాలు. సమాచార హక్కు దరఖాస్తు ఎవరికి వారే రాసుకోవచ్చు. గట్టు తగాదాలూ, మాట పట్టింపులూ పెద్దమనుషుల ఎదుట తీరితే అంతకన్న కావలసినదేమిటి? అలా కుదిరిన రాజీని లోక్ అదాలత్‌లో నమోదు చేయించుకుంటే అది కోర్టు డిక్రీతో సమానం. దానిమీద అప్పీలు ఉండదు. ఆ సంతకానికి ముందు కూడా ఒకమాట అడిగి ఉంచుకోవడం మంచిది.

ఫీజు మాట

“అంత సొమ్ము మాకెక్కడిది?” అనేవారికి 1987 నాటి న్యాయసేవల చట్టం ఉంది. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ ఖర్చుమీద వకీలును ఇస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

వెళ్లేటప్పుడు జరిగినవి తేదీలవారీగా ఒక కాగితం మీద రాసుకుని, ఉన్న కాగితాలన్నీ పట్టుకువెళ్లండి. ఫీజు ఎంతో, దేనికో మొదటిరోజునే అడగండి, మొహమాటం పనికిరాదు. మీకు ప్రతికూలమైన సంగతి ఉంటే అది ముందు చెప్పండి. జరిగిపోయినదాని గురించి మీరు చెప్పుకున్నది మీ అనుమతి లేకుండా ఆయన బయటపెట్టరాదని చట్టమే కట్టడి చేసింది. దాచిన సంగతి ఎదుటి వకీలు నోటివెంట మొదటిసారి వినబడితే, మీ వకీలు ఎంత సమర్థుడైనా చేయగలిగేది తక్కువ.