బహుపాత్ర తైలవర్ణచిత్రం: అనుకృతి ద్వారా అభ్యాసం

పూర్వ చిత్రకారుల రచనలను తిరిగి చిత్రించడం ఐరోపా చిత్రకళాశిక్షణలో శతాబ్దాలపాటు ప్రధానాంగంగా ఉండేది. ఎడ్గార్ డెగా 1853లో లూవ్ర్ మ్యూజియంలో ప్రతికృతులు చేసుకోవడానికి అనుమతి పొందాడు. 1860ల తొలినాళ్ళలో అక్కడి నికొలా పుసాన్ రచన ‘సబీన్ స్త్రీల అపహరణ’ను తైలవర్ణాలలో తిరిగి చిత్రించాడు. ఆ ప్రతి నేడు అమెరికాలోని పాసడీనాలో, నార్టన్ సైమన్ మ్యూజియంలో ఉంది. ఇటువంటి అనుకృతి అభ్యాసకుడికి ఏమి నేర్పుతుందన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

పుసాన్ ఈ ఇతివృత్తాన్ని 1630లలో రెండుసార్లు చిత్రించాడు. రెండింటిలోనూ ఎడమవైపు ఎత్తయిన చోట నిలిచిన రోములస్ తన ఉత్తరీయం ఎత్తి సంకేతమిస్తాడు. కింద రోమన్ సైనికులు స్త్రీలను బలవంతంగా ఎత్తుకుపోతుంటారు. తొలిచూపుకు తొక్కిసలాటగా కనిపించే ఈ దృశ్యంలో ప్రతి చేతి వాలూ పక్క దేహంతో లెక్కగా ముడిపడి ఉంటుంది. పుసాన్ మైనపు బొమ్మలు చేసి, చిన్న రంగస్థలం వంటి పెట్టెలో అమర్చి, వెలుగునీడలు పరిశీలించేవాడని సమకాలికులు రాశారు. అనుకర్తకు ఆ పెట్టె దొరకదు, చివరి ఉపరితలమే దొరుకుతుంది. అక్కడినుంచి వెనక్కి నడిచి రచనాక్రమాన్ని అతడే ఊహించుకోవాలి. అసలు శిక్షణ ఈ ఊహలోనే ఉంది.

అందుకే గళ్ళు గీసి ఒక్కొక్క గడినీ నింపే పద్ధతి బహుపాత్ర చిత్రానికి చాలదని నా అభిప్రాయం. రేఖలు సరిగానే వస్తాయి. గళ్ళను దాటి ఒక దేహంనుంచి మరొక దేహానికి సాగే ఏటవాలు కదలిక మాత్రం అభ్యాసకుడి దృష్టికి రాకుండా పోతుంది. ముందు ముఖాలను మరచి, వెలుగు ముద్దలనూ నీడ ముద్దలనూ పలుచని రంగుతో కాన్వాస్ అంతటా నిలుపుకోవాలి. తైలవర్ణ స్వభావం కూడా దీన్నే కోరుతుంది. నూనె తక్కువ పొరలు అడుగున, ఎక్కువ పొరలు పైన రావాలి. ఈ క్రమం తారుమారైతే అడుగుపొర ఆరకముందే పైపొర బిగిసి పగుళ్ళు పడతాయి. కనుక ఒక పాత్రను ముగించి మరొక పాత్రను మొదలుపెట్టడంకన్నా గుంపునంతటినీ కలిపి పైకి తేవడమే మేలు.

ధ్వన్యాలోకం చతుర్థోద్యోతంలో ఆనందవర్ధనుడు కావ్యార్థాల సాదృశ్యాన్ని ప్రతిబింబం వంటిది, చిత్తరువు వంటిది, ఒకే పోలికగల మరో దేహి వంటిది అని మూడు విధాలుగా విభజించి, మొదటి రెండింటినీ త్యజించమన్నాడు. (చిత్తరువును త్యాజ్యకోటిలో చేర్చడం చిత్రకళాభిమానులకు కాస్త ఇబ్బందే!) వస్తువుగా చూస్తే డెగా ప్రతి రెండవ కోటిదే. అయితే 1870లలో అతడు చిత్రించిన నృత్యతరగతుల్లో రోమ్ లేదు, పురాగాథ లేదు. ఒకరి భుజం మరొకరిని మరుగుపరచే తీరులోనూ, గుంపుల నడుమ ఖాళీ నేలను విడిచే తీరులోనూ పుసాన్ వద్ద చేసిన అభ్యాసాన్ని పోల్చి చూడవచ్చు.