కంప్యూటర్ మొరాయించినప్పుడు ముందు చూడవలసినవి

ఇంట్లో కంప్యూటర్ మొరాయిస్తే సాధారణంగా ఎవరైనా చేసే మొదటి పని దాన్ని ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయడం. ఇది తెలివితక్కువ పని కాదు. అయితే ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. విండోస్ 10, 11 ఉన్న అనేక కంప్యూటర్లలో 'షట్ డౌన్' నొక్కినంత మాత్రాన వ్యవస్థ పూర్తిగా ఆగదు. మరుసటిసారి త్వరగా తెరుచుకునేందుకు దాని మూలభాగం స్థితిని డిస్కులో భద్రపరచుకుంటుంది. దీనినే 'ఫాస్ట్ స్టార్టప్' అంటారు. అంటే నిన్నటి చిక్కు ఈ రోజుకూ మిగిలి ఉండవచ్చు. 'రీస్టార్ట్' నొక్కితే మాత్రం అంతా మొదటి నుంచి మొదలవుతుంది. ప్రింటర్ పలకకపోవడం, శబ్దం రాకపోవడం వంటి చిన్న ఇబ్బందులు చాలావరకు ఇక్కడితోనే తీరిపోతాయి.

కొన్నేళ్ల పాత డెస్క్‌టాప్‌లలో కనిపించే మరో విచిత్రం ఉంది. ఉన్నట్టుండి ఏ వెబ్‌సైటూ తెరుచుకోదు. కనెక్షన్ సురక్షితం కాదని బ్రౌజర్ హెచ్చరిస్తుంది. ఇంటర్నెట్ సంస్థకు ఫోన్ చేస్తే లైను బాగానే ఉందంటారు. నిజానికి చూడవలసింది తెర మూలన ఉన్న తేదీని. అది ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్లి ఉంటే దోషం మదర్‌బోర్డుపై రూపాయి బిళ్లలా ఉండే బ్యాటరీదని అనుమానించాలి. కరెంటు లేనప్పుడు కూడా కంప్యూటర్ లోపలి గడియారాన్ని నడిపేది అదే. సాధారణంగా 'సీఆర్ 2032' రకానికి చెందిన 3 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. ప్రతి సురక్షిత వెబ్‌సైటుకూ నిర్ణీత కాలపరిమితి గల డిజిటల్ ధ్రువపత్రం ఉంటుంది. కంప్యూటర్ తేదీ తప్పయితే ఆ పత్రం చెల్లదని బ్రౌజర్ భావిస్తుంది. తేదీ సరిచేసి, ప్లగ్గు తీసిన తరువాత బ్యాటరీ మారిస్తే సరిపోతుంది. తేదీ సరిగానే ఉన్నా హెచ్చరిక వస్తుంటే మాత్రం దాన్ని దాటుకుని బ్యాంకు సైటులోకి వెళ్లకూడదు.

వేసవిలో పని మధ్యలో యంత్రం దానంతట అదే ఆగిపోతుంటే వేడిని అనుమానించాలి. ఫ్యాన్ రెక్కలపై, గాలి రంధ్రాలలో దుమ్ము పేరుకున్నప్పుడు ప్రాసెసర్ తనను తాను కాపాడుకునేందుకు యంత్రాన్ని ఆపేస్తుంది. పరుపు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పనిచేసేవారికీ ఇదే అనుభవం.

వీటన్నిటికన్నా ఎక్కువ నష్టం కలిగించేది నిజానికి పాడుకాని కంప్యూటర్. ఏదో ఒక పేజీ చూస్తుండగా తెర నిండా ఎర్రటి హెచ్చరిక వస్తుంది. సైరన్ మోగుతుంది. వైరస్ సోకిందని, కంప్యూటర్‌ను ఆపవద్దని, వెంటనే ఫలానా నంబరుకు ఫోన్ చేయాలని ఒక గొంతు ఆదేశిస్తుంది. పిల్లలు విదేశాల్లో ఉండి, వీడియో కాల్స్ కోసమే ల్యాప్‌టాప్ వాడే వృద్ధ దంపతులు అది చూసి బెదిరిపోవడం సహజమే. కానీ అది కేవలం ఒక వెబ్ పేజీ. తమ హెచ్చరికల్లో ఫోన్ నంబర్లు ఎన్నడూ ఉండవని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెబుతోంది. ఫోన్ చేస్తే అవతలివారు దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ వేయించి, సాయం పేరుతో బ్యాంకు ఖాతా దాకా వెళతారు. ఇలాంటి బూటకపు సాంకేతిక సహాయ కేంద్రాలపై 2023 అక్టోబరులో సీబీఐ 'ఆపరేషన్ చక్ర-2' పేరుతో దేశంలోని పలుచోట్ల సోదాలు జరిపింది.

అలాంటి తెర వచ్చినప్పుడు ఎస్కేప్ మీటను కొన్ని క్షణాలు అదిమి పట్టుకోవాలి. లొంగకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను మూసివేయాలి. అదీ కుదరకపోతే పవర్ బటన్‌ను నొక్కిపట్టి ఆపేయవచ్చు. బ్రౌజర్ తిరిగి తెరిచాక పాత పేజీలు కావాలా అని అడిగితే వద్దనాలి. ఇప్పటికే ఎవరికైనా ప్రవేశం ఇచ్చి ఉంటే ముందు ఇంటర్నెట్ తెంచాలి. తరువాత వేరే పరికరం నుంచి పాస్‌వర్డులు మార్చాలి. డబ్బు పోతే బ్యాంకుకు, జాతీయ సైబర్ నేర సహాయ నంబరు 1930కి వెంటనే చెప్పాలి. సొమ్ము చేతులు మారకముందే ఫిర్యాదు అందితే దాన్ని మధ్యలో నిలిపివేయించే అవకాశం ఉంటుంది. సిగ్గుపడి రెండు రోజులు ఆగేవారే ఎక్కువ నష్టపోతారు.

హార్డ్ డిస్కు నుంచి టిక్కుటిక్కుమని శబ్దం వస్తున్నప్పుడు మాత్రం మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడటం ప్రమాదకరం. లోపల వేగంగా తిరిగే పళ్లెంపై సమాచారాన్ని చదివే సన్నని భాగం దెబ్బతింటోందనడానికి అది సంకేతం కావచ్చు. ప్రతి ప్రయత్నంతోనూ గీతలు పడి, పెళ్లి ఫొటోలో పొలం పత్రాల ప్రతులో శాశ్వతంగా పోవచ్చు. వేరేచోట మరో ప్రతి లేకపోతే యంత్రాన్ని ఆపి, సమాచారం వెలికితీసే నిపుణుడికి ఇవ్వడమే దారి. కొత్తతరం ఎస్ఎస్‌డీలు ఇలాంటి ముందస్తు శబ్దమేదీ చేయకుండానే మూగబోవచ్చు. కాబట్టి ముఖ్యమైన ఫైళ్లకు విడిగా మరో డిస్కులో ప్రతి ఉంచుకోవడం వాటి విషయంలో మరింత అవసరం.

ఇటీవలి ల్యాప్‌టాప్‌లను మరమ్మతుకు ఇచ్చేముందు చూడవలసినది ఇంకొకటి ఉంది. వీటిలో చాలావరకు డిస్కులోని సమాచారం యజమానికి తెలియకుండానే గుప్తరూపంలో ఉంటుంది. మదర్‌బోర్డు మార్చాక నీలిరంగు తెర 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే దుకాణదారుడు కూడా ఏమీ చేయలేడు. చాలామంది విషయంలో ఆ కీ తమ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే నిక్షిప్తమై ఉంటుంది. ల్యాప్‌టాప్ పనిచేస్తుండగానే ఫోన్ నుంచి ఆ ఖాతా తెరిచి, అంకెలను కాగితంపై రాసి ఇంట్లో ఉంచుకోవాలి. ల్యాప్‌టాప్ సంచిలో మాత్రం పెట్టకూడదు.