చెంచాలు లెక్కపెట్టించిన సినిమా

హోసూరు చుట్టుపక్కల మామిడి కాపు వచ్చిందంటే పిల్లల జేబుల్లో పచ్చికాయలు, ఉప్పుకారం పొట్లాలు ఉంటాయి. ఈమధ్య ఏడాది పొడవునా కనిపిస్తున్నది మాత్రం మామిడి రసం డబ్బా. పండు రసమే కదా అని మేమూ ఊరుకున్నాం. ఏడు, ఎనిమిది తరగతుల వాళ్లకు ఒక డాక్యుమెంటరీ చూపించాక ఆ డబ్బా వెనక వైపు చదవక తప్పలేదు.

ఆ సినిమా పేరు ‘దట్ షుగర్ ఫిల్మ్’. 2014లో ఆస్ట్రేలియాలో డామన్ గేమో తీశాడు. 60 రోజులపాటు రోజుకు 40 టీచెంచాల చక్కెర తనే తిని చూపించాడు. అయితే కూల్‌డ్రింకులు, ఐస్‌క్రీములు, చాక్లెట్లు ముట్టలేదు. ఆరోగ్యానికి మంచివని పేరున్న పండ్ల రసాలు, కొవ్వు తీసిన పెరుగు, పొద్దునపూట పాలలో వేసుకునే సీరియల్స్ మాత్రమే తీసుకున్నాడు. బరువు 8 కిలోలకు పైగా పెరిగింది, కాలేయానికి కొవ్వు పట్టడం మొదలైంది. ఇది ఒక్క మనిషి మీద చేసిన ప్రయోగమని, పరిశోధన కాదని పిల్లలకు ముందే చెప్పాం.

సినిమా ఇంగ్లీషులో ఉంది. ఆపి ఆపి తెలుగులో చెబుతూ రెండు రోజులు చూపించాం. అమెరికాలోని కెంటకీలో కూల్‌డ్రింకులు తాగి తాగి పళ్లన్నీ పాడైన కుర్రాడు తెర మీదికి రాగానే గది నిశ్శబ్దమైంది.

అసలు పాఠం ఆ తరువాత మొదలైంది. ఎవరింట్లో ఉన్న ఖాళీ పొట్లాలు వాళ్లు తెమ్మన్నాం. మన పిల్లలు సైన్సులో పిండిపదార్థాలు, చక్కెరలు అని తెలుగులో చదువుతారు. పొట్లం మీద ఆ మాటలుండవు. ఇంగ్లీషుగానీ హిందీగానీ ఉంటే చాలని నియమం. తెలుగు, తమిళం రెండూ చదవగల పిల్ల కూడా తను తినేదాంట్లో ఏముందో తెలుసుకోలేదు. అందుకే ‘టోటల్ షుగర్స్’, ‘యాడెడ్ షుగర్స్’, ‘ఇన్వర్ట్ సిరప్’, ‘లిక్విడ్ గ్లూకోజ్’ అన్న మాటలను నల్లబల్ల మీద రాసి, పక్కన తెలుగు అర్థం రాశాం. నాలుగు గ్రాములు ఒక చెంచా అని లెక్క చెప్పాం. మామిడి రసం డబ్బా మీద 100 మిల్లీలీటర్లకు 13 గ్రాములని ఉంది. 200 మిల్లీలీటర్ల డబ్బా అంటే ఆరున్నర చెంచాలు. పెద్దవాళ్లకు సైతం రోజుకు ఆరు చెంచాల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది.

“ఏం సార్, మావాడు అంగడికి పోతే ప్రతి పొట్లం తిప్పి తిప్పి చూస్తా ఉండాడు” అని ఒక తల్లి నవ్వుతూ చెప్పింది. మాకు గర్వంగా అనిపించింది. ఆ గర్వం వారం కూడా నిలవలేదు.

ఏడో తరగతి అమ్మాయి ఒకతె రోజూ క్రీము బిస్కెట్లు తెచ్చుకుంటుంది. పిల్లలు ఆమెను ‘పది చెంచాలు’ అని పిలవడం మొదలుపెట్టారు. ఆమె డబ్బా తెరవడమే మానేసింది. వాళ్లమ్మ ఫ్యాక్టరీ షిఫ్టుకు తెల్లవారుజామున ఐదింటికే వెళ్లాలి. 2022లో మొదలైన ముఖ్యమంత్రి ఉదయ ఉపాహార పథకం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు పిల్లలకని వచ్చింది. ఈ అమ్మాయి ఆ వయసు దాటింది. సినిమా చూపించే ముందే ఇది మాకు తట్టి ఉండాల్సింది. తప్పు మాదే. తరగతిలో ఆ మాట ఒప్పుకున్నాం, ఎవరి డబ్బాలోకీ తొంగిచూడకూడదని కట్టడి చేశాం.

వాళ్లమ్మతో మాట్లాడితే దారి ఆవిడే చెప్పింది. “మా అమ్మ రాత్రే అంబలి కాచి పెడతా ఉండె సార్” అంది. రాగి అంబలి పొద్దుటికి కాస్త పులుస్తుంది. మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు కలుపుకుంటే చాలు, పొయ్యి వెలిగించే పని లేదు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. మన ఇళ్లలో సంగటికి కొదవలేదు గానీ, అంబలి పాతకాలపు తిండి అని పక్కకు పోయింది. బెల్లం వేయొచ్చా అని చాలామంది తల్లులు అడుగుతున్నారు. బెల్లమూ చక్కెర లెక్కలోకే వస్తుంది.

ఇలాంటి సినిమా చూపించాలనుకునే తోటి టీచర్లకు ఒక మాట. 2004లో వచ్చిన ‘సూపర్ సైజ్ మీ’ చాలామందికి గుర్తొస్తుంది. అది తీసిన మోర్గన్ స్పర్లాక్ తనకు ఎన్నో ఏళ్లుగా తాగుడు అలవాటు ఉందని 2017లో ఒప్పుకున్నాక, ఆ ప్రయోగం మీద అనుమానాలు వచ్చాయి. పైగా హాంబర్గర్లు మన పిల్లలకు దూరపు సంగతి, బిస్కెట్ పొట్లం జేబులోనే ఉంది.

స్టాఫ్ రూములోనూ ఉంది. ఎనిమిదో తరగతి కుర్రాడు రిజిస్టరు ఇవ్వడానికి వచ్చి, మా టీ పక్కనున్న పొట్లాన్ని తిప్పి చూసి వెళ్లాడు. మర్నాటి నుంచి వేయించిన వేరుశనగలు తెప్పించుకుంటున్నాం. టీలో చక్కెర సంగతి ఇంకా తేలలేదు.