పేరు ఒకరిది, చేయి ఇంకొకరిది
రాజ్యాంగబద్ధ రాజరికం నుంచి మన పంచాయతీ దాకా

ఒక సాయంత్రం ఉరవకొండలో కొంతమంది విద్యార్థులు, మగ్గం పనివాళ్లు, కూలీలతో కలిసి కూర్చుని రాజ్యాంగం గురించి మాట్లాడుతున్నాం. కెనడాలో, మలేషియాలో ఈనాటికీ రాజులు ఉన్నారనీ, అయినా అవి ఎన్నికలు జరిగే దేశాలేననీ చెప్పాం. వెనక కూర్చున్న ఒక పెద్దాయన లేచి అడిగినాడు: “రాజుండాడంటివి, మంత్రులుండారంటివి, ఓట్లూ ఉండాయంటివి. మరి పెత్తనం ఎవరిదప్పా?”

మాకు యూనివర్సిటీలో ఏ ప్రొఫెసరూ ఇంత సూటిగా ఈ ప్రశ్న వెయ్యలేదు. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చినవాళ్లం మేమే మొదలు. రాజనీతిశాస్త్రం పుస్తకాల్లో ‘సార్వభౌమాధికారం’ అని బట్టీపట్టినాం గానీ, ‘పెత్తనం ఎవరిది’ అని అడగడం మాత్రం మా వాడల్లోనే నేర్చుకున్నాం. ఈ వ్యాసం ఆ పెద్దాయన ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నం.

సంతకం, నిర్ణయం

రాజ్యాంగబద్ధ రాజరికంలో అధికారాన్ని రెండుగా చీలుస్తారు. ఒకటి పేరు, రెండోది చేయి. చట్టం రాజు పేరు మీద వెలువడుతుంది. ఉత్తర్వు రాజు పేరు మీద పోతుంది. నిర్ణయం మాత్రం మంత్రివర్గానిది. ఆ మంత్రివర్గం ప్రజలు ఎన్నుకున్న సభకు జవాబు చెప్పాలి. సభ విశ్వాసం పోతే దిగిపోవాలి.

ఎందుకీ ఏర్పాటు? రాజును ఎవరూ ఎన్నుకోలేదు. ఎన్నుకోనివాణ్ణి దించలేం, నిలదీయలేం. కాబట్టి అతనికి పేరు మిగిల్చి, చేయి కట్టేసినారు. బెల్జియంలో రాజు చేసే ఏ పనైనా మంత్రి తోడు సంతకం లేకుండా చెల్లదు. 1990 ఏప్రిల్‌లో అక్కడి రాజు బోదువాన్ గర్భస్రావ చట్టం మీద సంతకం పెట్టనన్నాడు. మంత్రివర్గం ఏం చేసింది? రాజు పాలించలేని స్థితిలో ఉన్నాడని ప్రకటించి, తామే ఆ చట్టాన్ని అమలులోకి తెచ్చింది. ఒకటి రెండు రోజుల్లోనే పార్లమెంటు ఆయన్ని మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టింది. రాజు మనస్సాక్షి రాజు దగ్గరే ఉంది, చట్టం మాత్రం ఆగలేదు.

దీనికి సమాఖ్య కలిస్తే లెక్క ఇంకొంచెం పెరుగుతుంది. అధికారం కేంద్రం, రాష్ట్రాల మధ్య కూడా పంచబడుతుంది. కెనడాలో ఒకే రాజు పేరు మీద కేంద్రంలో గవర్నర్ జనరల్, ప్రతి రాష్ట్రంలో లెఫ్టినెంట్ గవర్నర్ సంతకాలు పెడతారు. మలేషియాలో తొమ్మిది రాష్ట్రాలకు వంశపారంపర్య పాలకులు ఉన్నారు. వాళ్లు తమలో ఒకరిని అయిదేళ్లకొకసారి దేశానికి రాజుగా ఎన్నుకుంటారు. మన ఉత్తరాంధ్ర నుంచి తోటల్లో కూలికి పోయినవాళ్ల బిడ్డలు ఈనాడు ఆ దేశ పౌరులు. మలయ్‌ల ప్రత్యేక స్థానాన్నీ, మిగతా జాతుల న్యాయమైన ప్రయోజనాలనూ కాపాడే బాధ్యత ఆ దేశ రాజ్యాంగం 153వ అధికరణంలో రాజుకే అప్పజెప్పింది. అంటే అక్కడి తెలుగువాళ్ల ప్రయోజనం కూడా కాగితం మీద రాజు పూచీయే. ఆ పూచీని నడిపేది మాత్రం మంత్రివర్గం సలహా.

మనమూ ఆ రాజ్యంలోనే ఉన్నాం

ఇదంతా పరాయి దేశాల ముచ్చట అనుకోవద్దు. 1947 ఆగస్టు 15 నుంచి 1950 జనవరి 26 దాకా మన దేశం కూడా ఇట్లాంటి రాజ్యమే. ఆ ఇరవై తొమ్మిది నెలలకు పైగా ఆరవ జార్జి మన రాజు. ఆయన పేరు మీద మొదట మౌంట్‌బాటన్, 1948 జూన్ నుంచి రాజగోపాలాచారి గవర్నర్ జనరల్‌గా ఉన్నారు. ఉరవకొండ మద్రాసు రాష్ట్రంలో ఉండేది. బాబాసాహెబ్ అంబేద్కర్ న్యాయశాఖ మంత్రిగా ఉంటూ రాజ్యాంగ రచనకు నాయకత్వం వహించింది ఆ రాజు పేరు మీద నడిచిన ప్రభుత్వంలోనే.

అంతకు ముందు తెల్లదొరలు తలపెట్టిన సమాఖ్య వేరు. 1935 చట్టం ప్రకారం కేంద్ర అసెంబ్లీలో 375 స్థానాలు. అందులో 125 సంస్థానాలవి. ఆ 125 మందిని జనం ఎన్నుకోరు, సంస్థానాధీశులే నియమిస్తారు. రక్షణ, విదేశీ వ్యవహారాలు గవర్నర్ జనరల్ చేతిలోనే ఉంటాయి. అంబేద్కర్ 1939 జనవరిలో పూనా గోఖలే సంస్థలో చేసిన ప్రసంగంలో దీన్ని చీల్చి చెండాడినాడు. రాజులు నియమించినవాళ్లు సభలో కూర్చుంటే, ఆ సభకు జవాబుదారీ అయిన ప్రభుత్వం అన్నమాటకు అర్థమే ఉండదన్నది ఆయన వాదం సారాంశం. చాలినన్ని సంస్థానాలు చేరనందున ఆ సమాఖ్య పుట్టనేలేదు.

రాష్ట్రాల్లో మాత్రం ఆ చట్టం 1937 ఏప్రిల్ నుంచి అమలైంది. 1939లో కాంగ్రెసు మంత్రివర్గం రాజీనామా చేసినాక, 93వ సెక్షన్ కింద 1946 దాకా అనంతపురం జిల్లాను ఏలింది గవర్నరే. ఆ 93వ సెక్షన్ వారసుడే మన 356వ అధికరణం.

తెలుగు నేల మీద ఇంకొక ఉదాహరణ హైదరాబాదు. 1948 సెప్టెంబరు దాకా నిజాం మాటే శాసనం. 1950 జనవరి 26 నుంచి అదే నిజాం ‘రాజ్‌ప్రముఖ్’ అయినాడు. మనిషి అతడే, బిరుదు మాత్రం మారింది. 1952 ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గం నిర్ణయిస్తే అతడి పేరు మీద పాలన నడిచింది. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో ఆ పదవి కూడా పోయింది. నిజాం చేతికి అట్లా పగ్గం పడింది. పల్లెలో పటేల్, పట్వారీ చేతికి, మా సీమలో కరణం, మునసబు చేతికి ఆ పగ్గం పడటానికి 1984 దాకా ఆగాల్సి వచ్చింది.

కట్టు ఎక్కడ ఊడుతుంది?

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్, మన రాష్ట్రపతి స్థానం ఇంగ్లండు రాజు స్థానం వంటిదేనని వివరించినాడు. అంటే రాజు పోయినా రాజు కోసం చేసిన యంత్రం మిగిలింది. ఆ యంత్రంలో ఒక సందు ఉంది. దాని పేరు విచక్షణ.

1975 నవంబరు 11న ఆస్ట్రేలియాలో గవర్నర్ జనరల్ జాన్ కెర్, ప్రతినిధుల సభలో మెజారిటీ ఉన్న ప్రధాని విట్లాంను తీసేసినాడు. 1984 ఆగస్టు 16న మన రాష్ట్రంలో గవర్నర్ రామ్‌లాల్ ఎన్‌టీఆర్‌ను తీసేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టినాడు. జనం వీధిలోకి వచ్చినారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, ఎన్‌టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి. మెజారిటీని తేల్చాల్సింది రాజ్‌భవన్‌లో కాదు, సభలో అని 1994లో సుప్రీంకోర్టు బొమ్మై కేసులో చెప్పింది. 2022 నవంబరులో మలేషియాలో ఎవరికీ మెజారిటీ రాలేదు. అప్పుడు అన్వర్ ఇబ్రహీంను ప్రధానిగా నియమించింది అక్కడి రాజు. సభలో లెక్క తేలనప్పుడు పేరుకున్న రాజుకు చేయి మొలుస్తుంది.

తలకిందులైన రాజరికం

ఇప్పుడు పెద్దాయన ప్రశ్న దగ్గరికి వద్దాం. అదే నవంబరు 4 ప్రసంగంలో అంబేద్కర్ పల్లెను అజ్ఞానానికీ, సంకుచితత్వానికీ నిలయంగా వర్ణించినాడు. 73వ సవరణ 1993 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చి, పంచాయతీల్లో ఎస్సీలకు, ఎస్టీలకు, మహిళలకు స్థానాలు కేటాయించింది. వాడలో పుట్టిన ఆడబిడ్డ సర్పంచ్ అయింది. ఇది చిన్న విషయం కాదు.

కానీ మేము తిరిగిన ఊళ్లలో చూసింది ఏమిటి? పుస్తకం వాడకు వస్తుంది. “సంతకం పెట్టమ్మా, పనికి ఆలస్యమైతాది” అంటారు. ఏం పని, ఎంత డబ్బు, ఎవరు కాంట్రాక్టు, అంతా ఊరి నడుమ పెద్దింటి అరుగు మీద ముందే తేలిపోయి ఉంటుంది. “నాకేం తెలుసు సార్, రెడ్డప్ప చెప్పినాడు, పెట్టినా” అని ఒక తల్లి మాతో అన్నది. అందరు సర్పంచులూ ఇట్లా లేరు. ఎదురు నిలిచి ఊరిని నడిపినవాళ్లూ ఉన్నారు. అయితే ఈ తల్లి మాట అరుదైనది కాదు.

రాజ్యాంగబద్ధ రాజరికంలో ఎన్నికకాని రాజుకు పేరు, ఎన్నికైన మంత్రికి చేయి. మన పల్లెలో ఎన్నికైన దళిత సర్పంచ్‌కు పేరు, ఎన్నికకాని దొరకు చేయి. ఇది తలకిందులైన రాజరికం. అక్కడ తప్పు జరిగితే నిర్ణయం చేసిన మంత్రి సభకు జవాబు చెప్పాలి. ఇక్కడ తప్పు జరిగితే ఆడిట్ నోటీసు వచ్చేది సంతకం పెట్టిన తల్లికి. చేయి ఆయనది, కేసు ఈమెది. రాజుకైనా సంతకం వెనక కోట ఉంది. ఈమెకు కూలి చేస్తేనే పూట గడుస్తుంది.

రాజుల చేతులు వాటంతట అవే కట్టుబడలేదు. డబ్బు లెక్క సభకు చెప్పాలని, మంత్రి తోడు సంతకం కావాలని జనం ఒక్కొక్క ముడీ వేసుకుంటూ వచ్చినారు. మనమూ ముడులు వెయ్యాలి. చదవని కాగితం మీద సంతకం వద్దు. తీర్మానం అరుగు మీద కాదు, సమావేశంలోనే జరగాలి. ఎవరు ఏమన్నదీ మినిట్స్ పుస్తకానికి ఎక్కాలి. గ్రామసభ వాడలో కూడా జరగాలి. చదువుకున్న మన పిల్లలు సర్పంచ్ పక్కన కూర్చుని ప్రతి అక్షరం చదివి వినిపించాలి. నిర్ణయం మాత్రం ఆమెదే. మన పిల్లలు కూడా ఇంకొక రెడ్డప్ప కాకూడదు.

పెత్తనం ఎవరిదని అడిగిన పెద్దాయనకు ఆ సాయంత్రం మేము చెప్పిన జవాబు ఇది: సంతకం ఎవరిదో చూడొద్దు తాతా. ఆ కాగితం రాసింది ఎవరో, తప్పైతే నోటీసు ఎవరికి వస్తుందో చూడు. ఆ రెండూ ఒకే మనిషి అయిననాడే అది ప్రజల పెత్తనం.